ఐదో నిమ్మకాయ

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు నేను ఎకానమీ చెబుతాను. జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద రాసిన వ్యాసం నాకు ఇష్టమైన పాఠం. బండి లోగుట్టు అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని మంచి బండికీ చెడ్డ బండికీ ఒకటే ధర పలుకుతుంది. ఆ ధరకు మంచి బండి ఎవడిస్తాడు? చివరికి బజారులో తుక్కే మిగులుతుంది. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ ఆలోచనకే 2001 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. అమెరికాలో అలాంటి తుక్కు బండిని నిమ్మకాయ అంటారని చెప్పి, ఏ బ్యాచ్‌నైనా నవ్విస్తాను.

అంత తెలిసిన నేను 2021 ఫిబ్రవరిలో ఎల్బీనగర్ వైపు ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో 3,15,000 పోసి తెల్ల స్విఫ్ట్ కొన్నాను. కరోనా భయం. మెట్రో నడుస్తున్నా అమ్మను ఎక్కించడానికి ధైర్యం చాలలేదు.

కాగితాల దగ్గర నన్నెవరూ బోల్తా కొట్టించలేదు. ఆర్సీ చూశాను. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చూశాను. 29, 30 ఫారాల మీద సంతకాలు సరిపోల్చాను. నంబరు కొట్టి చలాన్లు వెతికితే రెండు దొరికాయి. వాటి డబ్బులు ధరలోంచి తగ్గించుకుని, యుద్ధం గెలిచినంత సంబరపడ్డాను.

తలుపు తీయగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. పెళ్లిమండపంలో కూడా అంత వాసన రాదు. "చాలా రోజులు మూసిపెట్టినట్టున్నారు" అన్నాను. "అవ్ సార్" అన్నాడు అమ్మేవాడు. హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ. "చలికి పట్టి ఉంటుంది" అన్నాను. "అవ్ సార్." సీటు కవర్లు, కాళ్ల కింది మ్యాట్లు కొత్తవి. "ఓనరు శుభ్రమైన మనిషిలా ఉన్నాడే!" అదీ నేనే. అతను నాకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. సింగిల్ ఓనర్ అన్నాడు, నిజం. పేపర్లు క్లియర్ అన్నాడు, అదీ నిజమే. చెప్పాల్సిన అబద్ధాలన్నీ నేనే చెప్పుకుంటుంటే, అతను మర్యాదగా తలూపాడు.

మా బామ్మర్ది ముందే అన్నాడు: "బావా, మా మేస్త్రీని తోల్కొస్త. అయిదొందలిస్తే కిందికెళ్లి దూరి చూస్తడు." నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అల్లుడికి బండి కొనడం రాదని అత్తగారింట్లో అనుకోరూ? అక్కర్లేదన్నాను. అయిదు వందలు మిగిలాయి.

సాయిబాబా గుడి ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాను. ఐదోదాని స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది.

రెండు నెలలు బాగానే తిరిగింది. ఏప్రిల్లో వైపర్లు వాటంతట అవే ఊగడం మొదలెట్టాయి, నెత్తిన ఎండ మండుతుంటే. ఒక అర్ధరాత్రి హారన్ దానంతటదే మోగి ఆగలేదు. కాలనీ అంతా లేచింది. నేను లుంగీతో వెళ్లి బ్యాటరీ తీగ పీకాను. తొలకరి వానకి ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల మధ్య ఆగిపోయింది. వెనక బస్సుల హారన్లు, పక్కన అమ్మ విష్ణు సహస్రనామం.

తాడు కట్టి ఆటోనగర్ లాక్కుపోయారు. మేస్త్రీ బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. రోజూ మనం వాడేంత మేర శుభ్రంగానే ఉంది. ఆ పైన, లోపల చుట్టుకుని ఉండే భాగమంతా ఎండిన బురద చార. సీటు కింద బోల్టులు తుప్పు. మ్యాట్ లేపితే చెరువు వాసన.

"నీళ్లల్ల మునిగిన బండి సార్. వైరింగ్ మొత్తం పోయింది. సూస్కోలేదా?"

చూశానయ్యా. 2020 అక్టోబరు వరదలప్పుడు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో నడుము లోతు నీళ్లలో నడుస్తూ, అద్దాల దాకా మునిగిన కార్లను ఈ కళ్లతోనే చూశాను. పాపం, ఎవరివో అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత తక్కువ ధరకు తళతళలాడే బండి కనబడితే మాత్రం ఆ నీళ్లు గుర్తుకు రాలేదు.

వైరింగ్‌కు 48,000 అయింది. బండి మళ్లీ కదిలింది. ఎన్నాళ్లు కదులుతుందో మేస్త్రీ చెప్పలేదు, నేనూ అడగలేదు. దసరా ముందు ఇంకో కన్సల్టెన్సీలో 1,60,000కి ఇచ్చేశాను. ఇచ్చే ముందురోజు కడిగించి, మల్లెపూల సెంటు కొట్టించాను. "ఎక్కువ తిప్పలేదా సార్?" అన్నాడతను. "అవును" అన్నాను. ఇంకేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు.

ఆ బండి ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉండాలి. మీకెవరైనా తెల్ల స్విఫ్ట్ చూపిస్తే, కాగితాలు తర్వాత చదువుకోండి. ముందు బెల్టు చివరంటా లాగండి.