కొనక తిరుగువాని ఆటవెలది – సటీకా తాత్పర్యము

మెడను వాల్చి వీపు మీది పేరు వెదకి
వెలను చూచి తిరిగి వెనుక నుంచి
నిలిచి సగము చదివి నెమ్మదిగను మూసి
కొనక తిరుగువాని కొరత యేమి!

సందర్భము: పెద్ద పుస్తకాల కొట్టులో దూరి, "ఏం కావాలండీ?" అన్న కుర్రవానికి "ఊరికే చూస్తున్నా" నని బదులిచ్చిన పాఠకుని గూర్చి చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. ఏదైనా కొనియుంటే బిల్లుమీదనైనా దొరికేది.

టీక: మెడను వాల్చి = తలను భుజముమీదికి ఒరగదీసి; వీపు మీది పేరు = పుస్తకపు వెన్నుమీద అచ్చయిన పేరును. ఇంగ్లీషు పుస్తకాలకు తల కుడివైపు వాల్చిన చాలును. తెలుగు ప్రచురణకర్తలలో ఒకరు పైనుంచి కిందికి, మరొకరు కిందినుంచి పైకి వేయుదురు గనుక ఒక్క అర ముగియునప్పటికి మెడకు రెండువైపులా వ్యాయామము. పిన్నులు కొట్టిన పలుచని పుస్తకాలకు వీపే లేదు, లాగి చూడవలసినదే.

వెలను చూచి = పాత ధరమీద అంటించిన చీటీని గోటితో గీకి అసలు ధర తెలిసికొని. సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్టు పుస్తకాల దగ్గర తరచు ఈ పాదము అన్వయింపదు. అక్కడ వెల చూచినవాడు పుస్తకమును సంచిలోనే వేయును.

వెనుక నుంచి = దీనిపై వ్యాఖ్యాతలలో తగవు కలదు. తీసినచోటనే మరల పెట్టి యని పూర్వులు. వారు సజ్జనులు. "వెనుకను ఉంచి" యని విడదీసి, నచ్చిన కథాసంపుటిని జీతము వచ్చుదాక ఎవరి కంటా పడకుండ పోటీపరీక్షల గైడ్ల వెనుక దాచి యని అర్వాచీనులు. అనుభవము రెండవ పక్షమునకే సాక్ష్యము. గ్రూప్-2 గైడ్ల సందున కవిత్వము కనబడినచో సిబ్బందిని తప్పుపట్టరాదు; ఎవరికో ఒకటవ తారీఖు ఇంకా రాలేదని గ్రహించి, అక్కడనే వదలవలెను.

నిలిచి = కుర్చీ ఉన్నను కూర్చొనక. కూర్చున్నచో అది గ్రంథాలయమగును. నిలిచియున్నంతసేపు, వీడు కొనబోవుచున్నాడను నమ్మకము ఉభయపక్షములకు నిలుచును. నెమ్మదిగను = పుట మడవక.

తిరుగువాని = తిరుగుటకు చోటుండవలెను. అమెరికాలోని పోర్ట్‌లాండులో పావెల్స్ అను కొట్టు ఒక వీధి బ్లాకునంతటిని ఆక్రమించినది. గదులకు రంగుల పేర్లు, దారి తప్పకుండుటకు పటము. మనకు కాచిగూడ నవోదయ, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లు చాలును. ఫోనులో వెదకినవానికి వాడు వెదకినదే దొరకును. ఇక్కడ నిఘంటువు కొరకు వచ్చినవాడు వేటకథల దగ్గర తేలును. దారి తప్పుటయే ఈ తిరుగుడులోని రుచి.

తాత్పర్యము: డబ్బిచ్చినవానికి ఒక పుస్తకము, ఇవ్వనివానికి కొట్టంతయు.

విశేషములు: స్వభావోక్త్యలంకారము. కొట్టు యజమాని చదివినచో వ్యాజస్తుతి. యతులు నాలుగును సరిపోయినవి, జేబు ఒక్కటే సరిపోలేదు.

దోషవిచారము: "కొరత యేమి" అన్నప్పుడు కవి తన కొరతను మాత్రమే లెక్కించెను. కొట్టుకు అద్దె కలదు, కరెంటు బిల్లు కలదు. ముంబయిలో 1948లో మొదలైన స్ట్రాండ్ బుక్ స్టాల్ ఎందరినో పుస్తకాల మధ్య తిరుగనిచ్చి, 2018లో మూతపడినది. చూచుటకు వచ్చినవారితో మాత్రమే కొట్టు నడవదు. కావున నాలుగవ పాదమును నెలకొక్కమారైనా భంగపరచుట పాఠకునికి విధి. గైడ్ల వెనుక దాచినదానిని ఒకటవ తారీఖున ఆ కొట్టుకే పోయి తీసికొనుడు. ఇంటికి వచ్చి, పది శాతము తగ్గునని ఫోనులో తెప్పించుకొనకుడు.