ముందు తప్పుగానే వేయండి

హైదరాబాద్ మన్సూరాబాద్‌లో ఎవరినడిగినా, కంప్యూటర్‌లో ఓఎస్ వేయించుకోవాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక షాపులో ఇచ్చి రమ్మంటారు. నేను చెప్పేది వేరు. నాగోల్‌లో మెట్రో ఎక్కి పారడైజ్‌లో దిగండి. అక్కడి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పోతే పోయిందనుకునే పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనండి. దాని మీద ఓఎస్‌ను ముందు తప్పుగా వేయండి, కావాలనే. ఓఎస్ వచ్చే ఐఎస్ఓ ఫైలంటే ఏమిటో ఇంతకన్నా బాగా తెలిసే దారి లేదు.

మొదటి తప్పు: డెబియన్ లైనక్స్ ఐఎస్ఓ దించుకుని, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేయండి. బూట్ కాదు. కంప్యూటర్ ఆన్ కాగానే పెన్‌డ్రైవ్‌లో బూట్ ఫైళ్ల కోసం వెతుకుతుంది. దానికి కనిపించేది ఒకే ఒక పెద్ద ఫైలు, దాని లోపలికి వెళ్లడం దానికి చేతకాదు.

రెండో తప్పు: విండోస్ 11 ఐఎస్ఓను విప్పి, లోపలివన్నీ ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేయండి. ఇన్‌స్టాల్.విమ్ దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ఇప్పుడు అసలు సంగతి. డెబియన్ ఐఎస్ఓను హెక్స్ ఎడిటర్‌లో తెరిచి 32,769 అనే చోటికి వెళ్లండి. సీడీ001 అనే అక్షరాలు కనిపిస్తాయి. 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణం పెట్టిన గుర్తు అది. దానికి ముందున్న 16 సెక్టార్లను, ఒక్కోటి 2,048 బైట్ల చొప్పున, ఆ ప్రమాణం వాడకుండా వదిలేసింది. డెబియన్ వాళ్లు ఆ ఖాళీలోనే హార్డ్‌డిస్క్ బూట్ కోడ్ పెట్టారు. అందుకే ఆ ఇమేజ్‌ని బైటుకి బైటు పెన్‌డ్రైవ్ మీద రాస్తే బూట్ అవుతుంది. విండోస్ ఐఎస్ఓలో ఆ ఏర్పాటు లేదు, అలా రాస్తే బూట్ కాదు. డెబియన్ వాళ్లది ఎంత తెలివైన పని! వదిలేసిన జాగాలో ఇల్లు కట్టారు.

ఇప్పుడు ఆ ఐఎస్ఓకు ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్ లెక్కించండి. అదే ఎడిటర్‌లో దాని కాపీలో ఒక్క బైట్ మార్చి సేవ్ చేసి, మళ్లీ లెక్కించండి. 64 అక్షరాల వరుస పోల్చుకోలేనంతగా మారిపోతుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఐఎస్ఓను అధికారిక సైటులోని వరుసతో ఎందుకు సరిచూడాలో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత, ఐఎస్ఓను పెన్‌డ్రైవ్ మీద రాసే రూఫస్ తెరవండి. డెబియన్ ఐఎస్ఓ ఇస్తే, ఐఎస్ఓ మోడా (ఫైళ్లు విప్పి వేయడం), డీడీ మోడా (బైటుకి బైటు రాయడం) అని అది అడుగుతుంది. ఆ ప్రశ్న మీకు అర్థమవుతుంది. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కూడా ఉంది, అదే ఎంచుకోండి.

ఒక్కచోట మాత్రం తప్పు వద్దు. ఇమేజ్ రాసేముందు డ్రైవ్ పేరు, సైజు రెండూ చూడండి. తప్పు డ్రైవ్ ఎంచుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది.