గుడ్లు మింగే పాము

దివిసీమలో వానలు మొదలైతే కార్తీకం దాకా పాముల భయమే. పొలంలో నీళ్ళు నిలిచేసరికి ఎలుకలు గట్లు వదిలి ఇళ్ళ చుట్టూ చేరతాయి, వాటి వెనకాలే పాములు. మా ఊళ్ళో ఎవరింట్లో పాము కనబడినా నాకు కబురొస్తుంది. కర్రలు లేవకముందే దాన్ని పట్టి, అటవీశాఖ వాళ్ళకు చెప్పి దూరంగా వదిలేస్తాను.

దీపావళి వెళ్ళిన మర్నాడు పిన్ని పిలిపించింది.

"నాగుపాము మరిగిందిరా అబ్బాయ్. పొదగేద్దామని ఉంచిన గుడ్లు ఉంచినట్టే మాయమవుతున్నాయి. చవితికి పుట్టలో వెయ్యాల్సినవీ వాటిలోనే ఉన్నాయి. మోపిదేవి స్వామికి మొక్కుకుంటేనే కదా కోడలి కడుపు పండింది! అయిదు గుడ్లు వేస్తానన్నాను. మొక్కు తప్పితే ఎంత అరిష్టం!"

గొడ్లచావిడి గోడవారన మట్టిగూడు. గుడ్లు తీసి ఇంట్లో పెట్టుకోమన్నాను. తావులో గుడ్లు లేకపోతే పెట్ట పొదుగుకు కూర్చోదని పిన్ని ఒప్పుకోలేదు. అదీ నిజమే. లోపల టార్చి వేసి చూశాను. ఒక్క పెంకు ముక్క లేదు. ముంగిసో పందికొక్కో అయితే గుడ్డు పగలగొట్టి పెంకులు అక్కడే వదిలిపోతుంది. నాగుపాము గుడ్డును గుడ్డుగానే మింగుతుంది. పిన్ని అనుమానం కాదనడానికి లేదు.

కానీ ఒకటి అంతుపట్టలేదు. పక్కనే గంప కింద తల్లికోడి, దాని రెక్కల కింద వారం పిల్లలు. అందులో ఒక్కటీ తగ్గలేదు. ఆషాఢంలో ఈ ఇంట్లోనే జెర్రిపోతు గంప అంచు కింద నుంచి దూరి పిల్లల్ని మింగింది. గుడ్ల కోసం రోజూ వచ్చే పాము మెత్తటి పిల్లల్ని ముట్టకుండా పోతుందా?

"చుట్టూ గుళికలు చల్లిస్తాను" అంది పిన్ని, చూరులోంచి పాత పొట్లం తీస్తూ. ఫోరేట్ గుళికలు! చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. పాము వాటి పక్కనుంచే పోతుంది. నూకలనుకుని పొడుచుకు తినేది కోళ్ళు, పిల్లలు. అవి నిమిషాల్లో గిలగిలా కొట్టుకుని చస్తాయి. అంత విషం కాబట్టే 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో దాన్ని నిషేధించారు. అయినా చూరుల్లో, అటకల మీద ఇంకా దొరుకుతూనే ఉంది. పక్కింటాయన చేపల వల కడదామన్నాడు. అదీ వద్దన్నాను. వలలో చిక్కిన పాము ఒళ్ళు కోసుకుని నరకం పడుతుంది, తెల్లారి గూడు తెరిచే చేతికి అందేంత దగ్గర్లో బుసకొడుతూ ఉంటుంది.

చెయ్యాల్సింది చెప్పాను. గూడు కంతలకు పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ కొట్టించాలి. అంగుళం జాలీలోంచి పాముపిల్ల సులువుగా దూరుతుంది. గోడకానుకున్న తాటాకుల మోపు తీసేయాలి. రాలిన నూకలు ఏ పూటకాపూట ఊడ్చేయాలి. నూకలుంటే ఎలుకలొస్తాయి, ఎలుకలుంటే పాము రాక మానదు. అన్నిటికన్నా ముఖ్యం, చీకటి పడ్డాక గూట్లో చెయ్యి పెట్టకూడదు. "గుడ్లు మింగిన నాగు పొట్ట ఉబ్బి, వచ్చిన కంతలోంచి బయటికి పోలేక లోపలే చుట్ట చుట్టుకుని ఉండొచ్చు. కరిస్తే మంత్రాలూ పసర్లూ అంటూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి" అని గట్టిగానే చెప్పాను. అప్పుడే మంచినీళ్ళు తెచ్చిన కోడలు గ్లాసు నా చేతికిచ్చి, గూటి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏడో నెల. నడకలో ఆయాసం తెలుస్తోంది.

వచ్చేది ఏ ప్రాణో తెలియందే పట్టడం ఎలా? పొయ్యిలో బూడిద జల్లించి గూడు ముందు పలచగా పరిచాం. పాము పాకితే మెలికల చార పడుతుంది, ముంగిస వస్తే గోళ్ళ గుర్తులు ఉంటాయి.

తెల్లవారుతూనే వెళ్ళాను. రెండు గుడ్లు లేవు. బూడిదలో చార లేదు, గోళ్ళూ లేవు. రెండు చిన్న పాదాలు, కాస్త వాచినట్టు వెడల్పుగా ఉన్నాయి. రెండో వేలి దగ్గర మెట్టె నొక్కు. మడమల్లో పగుళ్ళు లేవు.

నాకు ఒళ్ళు చల్లబడింది. కొక్కెం కర్ర, టార్చి లేకుండా నేనే వంగి చూడని గూడది. లోపల నాగుపాము ఉండొచ్చని పగలు నా నోటి నుంచే విని, రాత్రి ఆ పిల్ల అందులోకి చెయ్యి పెట్టింది. పాము లేదని తనకెవరూ చెప్పలేదు. ఉంటే? ఆ చీకట్లో ఆ చేతిని ముందుకు తోసిన ఆకలి ఎంతటిదై ఉండాలి!

పిన్ని ఆ అడుగుల్నే చూస్తూ నిలబడింది. తర్వాత గొంతు లేచింది. "ఇదేం ఖర్మే? దొంగతనంగా తినాలా? అంగన్‌వాడీలో నీ పేరున ఇచ్చే గుడ్లు తేవడం లేదూ?"

గుమ్మం దగ్గర కోడలు తల ఎత్తకుండా అంది. "తెచ్చినవి పులుసులో పడుతున్నాయి కదా అత్తయ్యా. మామయ్యకూ ఆయనకూ వడ్డించాక నాకు పులుసే మిగులుతోంది."

"మగాళ్ళు చాకిరీ చేసేవాళ్ళు, ముందు వాళ్ళకు పడొద్దూ? అయినా పుట్టకని మొక్కుకున్న గుడ్లే అవి! నాగేంద్రుడి సొమ్ము ముట్టుకోవడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

ఆ పిల్ల అప్పుడు తలెత్తి అత్తగారి కళ్ళలోకి చూసింది.

"పుట్టలో వేసేదీ ఈ పొట్ట కోసమేగా, అత్తయ్యా?"