చార్జి అప్పగింత

కోనసీమలో అరవై దాటిన హెడ్మాస్టార్లు చాలామంది జులై 1నే పుట్టారు. ఆ తేదీకి గ్రహబలమేమీ లేదు. అయిదేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని తండ్రి బడికొస్తే, "ఎప్పుడు పుట్టాడయ్యా?" అని అప్పటి మాస్టారు అడిగేవారు. "మొన్న వరదకి పది రోజులు ముందండి, ఆయ్" అనేవాడు తండ్రి. ఏ మొన్నో, ఏ వరదో తేల్చే ఓపిక లేక మాస్టారు రిజిస్టర్లో జులై 1 వేసేసేవారు. దాంతో పిల్లాడి పుట్టినరోజుతో పాటు రిటైర్మెంటు రోజు కూడా ఖాయమైపోయేది: జూన్ 30. అంటే వేసవి సెలవులయ్యాక బడి తెరిచి, పుస్తకాలూ సంచులూ పంచి, బూట్లు పట్టని పిల్లల తల్లులతో నాలుగు రోజులు తగువుపడి, హమ్మయ్య అన్నీ సర్దుకున్నాయి అనుకునేసరికి బయల్దేరాలి.

నేను చెప్పే హెచ్చెమ్ గారు ఒక్క మనిషి కాదు. రాజోలు వైపు ఒకాయన, కొత్తపేట వైపు ఒకాయన, అమలాపురం చుట్టుపక్కల ముగ్గురు నలుగురు కలిస్తే ఈయన. ఎవరా అని ఆరా తియ్యకండి. ప్రతి ఊరివాళ్లూ మా ఆయనే అనుకుంటారు, వాళ్లది తప్పూ కాదు.

ఈయనకి వీడ్కోలు ఒక్కసారితో తెమల్లేదు. అసలు 2022 జూన్‌లోనే దిగిపోవాలి. అంతకుముందు దసరాల నుంచే "పిల్లలూ, ఇదే మీతో నా ఆఖరి దసరా", "ఇదే ఆఖరి బాలల దినోత్సవం" అంటూ వచ్చారు. ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవారు. ఇంతలో 2022 జనవరిలో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెంచింది. (2014లోనే 58 నుంచి 60 చేశారు గనక ఈయన నిజానికి రెండో పొడిగింపు మీద ఉన్నట్టు లెక్క.) ఆయన్ని యథాప్రకారం అసెంబ్లీలో చూసి పిల్లలు కాస్త మోసపోయినట్టు మొహాలు పెట్టారు. రెండేళ్లు గడిచి మళ్లీ "ఇదే ఆఖరి" అని ఎత్తుకుంటే ఒక్కరూ ఏడవలేదు. "మళ్లీ పెంచుతార్లెండి మాస్టారూ" అని అటెండరు ధైర్యం కూడా చెప్పాడు.

ఆఖరి నెలలో ఆయన వేదాంతంలో పడ్డారు. స్టాఫ్ రూములో, టీ కొట్టు దగ్గర, ఎమ్మీవో ఆఫీసులో ఒకటే మాట: "బడంటే నాలుగు గోడలు కాదండీ. ఊరంతా కలిస్తేనే బడి." ఊరు ఈ సంగతి ఆయనకంటే ముందే కనిపెట్టేసింది. ఎవరింట్లో పెళ్లయినా బడి బెంచీలే వెళ్తాయి. కార్తీక సమారాధనకి మధ్యాహ్న భోజనం గంగాళం వెళ్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల ప్రభలు భుజాల మీద వస్తాయి కదా. గంగలకుర్రు వాళ్లు కౌశిక కాలవలో దిగి, నీళ్లలో ప్రభను దాటించడం టీవీలో చూసే ఉంటారు. ఈయన ఊరి ప్రభ అంత పేరున్నదేం కాదు. అయినా దానికి బడిలోని టగ్ ఆఫ్ వార్ తాడే కావాలి. ఇంటింటా కొబ్బరి పీచున్న సీమలో ఇంకో తాడు దొరకదా అంటే, దొరుకుతుంది. బడి తాడు కలిసొచ్చిందని నమ్మకం. ఇస్తే ఆడిటరుతో తగువు, ఇవ్వకపోతే ఊరితో తగువు. ఆడిటరు ఎప్పుడో గాని రాడు, ఊరు రోజూ ఎదురుపడుతుంది. అందుకని ఇచ్చేవారు.

ఊరూ ఊరికే ఉండలేదు. మంచినీళ్ల ఫిల్టరు కువైట్‌లో ఉన్న పాత విద్యార్థులు పెట్టించారు. అందులో పెద్ద చందాలన్నీ తన చేత దెబ్బలు తిన్న బాపతువే అని ఆయన గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడు పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదు గనక, ముందు ముందు ఫిల్టర్లు ఎవరు పెట్టిస్తారో అని బెంగ కూడా ఉంది.

నవ్వుకోవడానికి ఇన్ని ఉన్నా, నీళ్ల విషయంలో మాత్రం ఆయన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడ్డప్పుడు ఆయన ఇంకా మామూలు సోషల్ మాస్టారు. తాటాకిళ్లు వదిలి జనం బడికి పరిగెత్తుకొస్తే తాళం తియ్యడానికి అప్పటి హెచ్చెమ్ ఊళ్లో లేరు. ఈయన తాళం పగలగొట్టారు. దానికి తర్వాత సంజాయిషీ రాసుకున్నారు కూడా. అప్పట్నుంచీ బడి తాళంచెవి ఒకటి మొలతాడుకే ఉంటుంది. 2022 జులైలో పెద్ద వరదొచ్చింది. 2006 తర్వాత అంతటి వరద లేదు. లంకల్లోంచి జనం పడవల మీద వచ్చారు. ప్రభుత్వం వయసు పెంచకపోతే అప్పటికి రెండు వారాల ముందే ఇంటికెళ్లిపోయి ఉండాల్సిన మనిషి, గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఏడో తరగతిలో మనుషులు, సైకిలు స్టాండులో గేదెలు. ఆయన హాజరు పుస్తకం తీసి పేర్లు పిలిచారు. గేదెలక్కూడా ఒక పేజీ కేటాయించారు. అందరూ నవ్వారు. ఆ పిలుపులోనే, ఒక ముసలావిడ పలకడం లేదని, ఇంటి దగ్గరే ఉండిపోయిందని తేలింది. వెంటనే పడవ వెనక్కి పంపించారు. ఆవిడ మర్నాడు హెచ్చెమ్ గారిని తిట్టింది, కోళ్లని ఎందుకు తీసుకురానివ్వలేదని.

గోదారితో వేగినాయన యాప్‌లతో వేగలేకపోయారు. టీచర్ల మొహాలు ఫోనులో, అన్నం ఫోనులో, కొంతకాలం మరుగుదొడ్లు కూడా ఫోనులో. ఒకరోజు కంగారులో ఒక బొమ్మ బదులు ఇంకోటి ఎక్కించేశారట. ఏది బదులు ఏది అన్నది ఆయన చెప్పరు, మనం అడక్కూడదు.

ఇక సభ. 2024 జూన్ 30 ఆదివారం పడింది. సెలవు రోజున రిటైరవడమేమిటని ఆయనకి చిన్నతనంగా అనిపించింది. ఫ్లెక్సీ వాడికి అంతకంటే పెద్ద చిక్కొచ్చింది. ఆ నెలలోనే ప్రభుత్వం మారింది. ఎవరి బొమ్మ పైనుండాలో తేలక, చివరికి సరస్వతీదేవిని పెద్దగా వేసి మిగతా అందరినీ ఒకే సైజులో కుదించారు. ఆ సలహా హెచ్చెమ్ గారిదే. ఆయన కృతజ్ఞతల జాబితా కూడా ఆ పద్ధతిలోనే ఉంది: ఏ వీధివాళ్ల పేరు ముందొచ్చినా, రెండో పేజీలో ఆ వీధి వెనక్కి పోతుంది. ఊళ్లో ముప్పై ఏళ్లు మాట పడకుండా నెగ్గుకురావడం ఎలాగో తెలియాలంటే ఆ కాగితాలు చదవాలి.

"సమయాభావం వల్ల రెండు ముక్కల్లో ముగిస్తాను" అని ఉదయం పదకొండింటికి మొదలెట్టారు. వంటల వాసన వేదిక మీదికొచ్చే వేళకి డొక్కా సీతమ్మ గారి దగ్గరికి చేరారు. "మన లంకల గన్నవరంలో ఆ మహాతల్లి వేళకాని వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టింది. ఎంతమంది తిన్నారో ఏ యాప్‌లోనూ ఎక్కించకుండానే పెట్టింది!" చప్పట్లు మారుమోగాయి. నెల తిరిగేసరికి ప్రభుత్వం బడి భోజన పథకానికి సీతమ్మ గారి పేరే పెట్టింది. అది తన ప్రసంగం మహిమే అని ఆయన ఎక్కడా అనరు. "ఏమో, ఎవరైనా వీడియో పంపారేమో" అంటారు, అంతే.

భోజనాల ముందు చిన్న పని మిగిలింది. అదనపు బాధ్యతలు తీసుకునే మేడమ్ లెక్కల టీచరు. స్టాకు రిజిస్టరు తెరిచి, పన్నెండు బెంచీలు, ఒక గంగాళం, ఒక గ్లోబు, ఒక తాడు లేవంది. "ఉన్నాయమ్మా, ఇక్కడ లేవు, అంతే" అన్నారాయన. "ఇక్కడుంటేనే సంతకం పెడతానండి" అంది మేడమ్.

సాయంత్రం ఊరేగింపు. ముందు తాషా, వెనక పూలు కట్టిన జీపు, అందులో గజమాల వేసుకుని హెచ్చెమ్ గారు. మొదటి మలుపులోనే చెయ్యెత్తి జీపు ఆపించారు. "ఆ అరుగు మీది బెంచీ మాది కదండీ?" ఇంటాయన నాలిక్కరుచుకుని, ఇంట్లోంచి ఇంకొకటి కూడా తెచ్చాడు. ఆ రెండోది రిజిస్టర్లో లేదు. ఇంటింటా హారతీ బెంచీ, హారతీ బెంచీ. వెనక ట్రాక్టరు నిండుతోంది. రామాలయం దగ్గర గంగాళం దొరికింది. మాజీ సర్పంచి గారి మనవడు గ్లోబుతో బంతాట ఆడుతుంటే, ఆఫ్రికా దగ్గర సొట్ట తప్ప తక్కినదంతా క్షేమంగా చేతికొచ్చింది. తాడు దగ్గర మాత్రం ప్రభ కమిటీ కుర్రాళ్లు అడ్డం తిరిగారు. "కనుమకి మళ్లీ కావాలి కదండీ మాస్టారూ, అంతదూరం మొయ్యడమెందుకు, ఇక్కడే ఉండనివ్వండి." ఆయన మేడమ్ వైపు చూశారు. మేడమ్ వాళ్ల పుట్టిల్లు వ్యాఘ్రేశ్వరం, అక్కణ్ణుంచీ జగ్గన్నతోటకి ప్రభ వస్తుంది.

ఆవిడ జీపు బానెట్ మీదే రిజిస్టరు తెరిచి, 'తాడు – ఒకటి – వాడుకలో ఉన్నది' అని రాసి సంతకం పెట్టేసింది.