హెర్ట్జుబాబు

హెర్ట్జుబాబుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. మాట ఎక్కడ మొదలైనా రెండో వాక్యానికల్లా రిఫ్రెష్ రేటు దగ్గర తేలతాడు కాబట్టి అపార్ట్‌మెంటంతా ఈ పేరు ఖాయం చేసింది. ఇలాంటి కుర్రాడు ఇప్పుడు హైదరాబాదులో ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకడున్నాడు. ఉద్యోగం కొత్తది, సిస్టం పాతది. అందులో జీటీఎక్స్ 1650 కార్డు. 2019లో వచ్చిన ఆ కార్డు ఇప్పటి పెద్ద ఆటలకి రొప్పుతుంది, వాలరెంట్‌కి మాత్రం ఇంకా హుషారుగానే ఉంటుంది. దానికి తగిలించిన మానిటర్ 60 హెర్ట్జ్‌ది, బాబాయి ఆఫీసులో తీసి పారేస్తుంటే తెచ్చుకున్నది. దాన్ని మార్చాలి. బడ్జెట్ పదివేలు. మార్చాలని తీర్మానం జరిగి రెండు దసరాలు దాటాయి.

"ఉన్నదానికేం రోగంరా? బొమ్మ కనబడుతోందిగా" అంటుంది వాళ్లమ్మ. వాళ్ల నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి మాత్రం లెక్క చెప్పి ఒప్పించవచ్చని అతని ఆశ.

"60 హెర్ట్జ్ అయితే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది నాన్నా. 144 అయితే 6.9కే కొత్త బొమ్మ వచ్చేస్తుంది."

"అంటే దాదాపు పది మిల్లీసెకన్లు కలిసొస్తాయి."

"అదే నాన్నా!"

"ఆదివారం పదకొండింటికి లేచేవాడివి, ఆ పది మిల్లీసెకన్లు దాచుకుని ఏం చేస్తావురా?"

నిజానికి పదివేలకి 24 అంగుళాల 1080పీ మానిటర్ శుభ్రంగా వస్తుంది. అక్కడ ఆగితే అతను హెర్ట్జుబాబు ఎందుకవుతాడు? పది పెట్టేవాడు పన్నెండు పెట్టలేడా అనుకుంటాడు, 27 అంగుళాలకి వెళ్తాడు. తీరా 27లో 1080పీ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే, 24లో అయితే 92. అక్షరాలు ముతకగా కనిపిస్తాయి. అందుకని 1440పీ. దానికి ఇంకో ఐదారు వేలు. సరే అనుకునేలోపు పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 36.9 లక్షలవుతాయి, పెద్ద ఆటల్లో అంత బొమ్మ గీయడం 1650 తరం కాదు. అందుకని కొత్త కార్డు. కొత్త కార్డుకి పాత పవర్ సప్లై చాలదు. రాత్రి ఒంటిగంటకి పదివేల మానిటర్ కాస్తా డెబ్బైవేల సిస్టమై కూర్చుంటుంది. తెల్లారి బ్యాంకు బ్యాలెన్స్ చూసుకోగానే వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు జర్రున జారి మళ్లీ 24 అంగుళాల గడిలో పడతాడు.

పోనీ అక్కడైనా కుదురుంటుందా అంటే ప్యానెల్ గొడవ. ఐపీఎస్‌లో రంగులు బాగుంటాయి, నలుపు మాత్రం బూడిదరంగు కొడుతుంది. వీఏలో నలుపు చిక్కన, కానీ చీకటి సీన్లో ఏదైనా కదిలితే వెనకాల మరక సాగుతుంది. అన్నం తింటూ వాళ్లమ్మ చీర కొంగు చూపించి "ఈ నలుపు ఐపీఎస్‌లో రాదమ్మా" అని నిట్టూరుస్తాడు. "కొత్త చీరరా" అంటుందావిడ సంతోషంగా.

పండగ సేల్ వచ్చింది. ఫలానా క్రెడిట్ కార్డు మీద పది శాతం తగ్గింపు అన్నారు. ఆ కార్డు బాబాయి దగ్గరుంది. ఫోన్ చేసి అడిగితే నంబరైతే ఇచ్చాడు గానీ ఓటీపీ దగ్గర భీష్మించుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లే మెసేజ్ పెట్టారురా. ఎవరికీ అంటే నీకూ అనేగా!" ఆ వాగ్వాదం తేలేసరికి స్టాకైపోయింది.

2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గిస్తున్నారనగానే మళ్లీ ఆగాడు. 22వ తేదీ రానే వచ్చింది, 28 శాతం 18 అయింది. అయితే అది 32 అంగుళాలు దాటిన మానిటర్లకి. అతను చూస్తున్న 24 అంగుళాల దాని మీద పన్ను 2019 నుంచీ 18 శాతమే.

ఇలా కాదని ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీకి వెళ్లాడు. కొట్టాయన మంచివాడు, డబ్బా విప్పి మానిటర్ ఆన్ చేశాడు.

"రెస్పాన్స్ టైం ఒక మిల్లీసెకను అని రాశారు కదన్నా, జీటూజీనా, ఎంపీఆర్‌టీనా?"

"డబ్బా మీద ఏమున్నదో గదే తమ్మీ."

హెర్ట్జుబాబు తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా నింపి, చచ్చిన పిక్సెల్ ఉందేమోనని ముక్కు ఆనించి వెతికాడు. తర్వాత నలుపు పెట్టాడు. "మూలల్లోంచి వెలుతురు కారుతోందేమో చూడాలన్నా. షాపులో లైట్లు ఒక్కసారి ఆర్పుతావా?"

"లైట్లార్పితే షాపు బందు వెట్టిండనుకొని గిరాకీ వోతది. తీస్కుంటవా, డబ్బాల వెట్టాల్నా?"

డబ్బాలో పెట్టేశాడు.

అంతమాత్రాన అతన్ని తక్కువ అంచనా వేయకూడదు. పై ఫ్లాటు ఇంటర్ కుర్రాడు ఒక సాయంత్రం వచ్చి "అన్నా, ఏ మానిటర్ తీసుకోను?" అని అడిగాడు. హెర్ట్జుబాబు క్షణం తడుముకోలేదు. "నీదీ 1650యేనా? అయితే 24 అంగుళాలు, 1080పీ, ఐపీఎస్, 144కి తగ్గకుండా తీసుకో. ఫ్రీసింక్ ఉండాలి. ఈ ధరలో హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నా దానికోసం రూపాయి ఎక్కువ పెట్టకు. స్టాండు ఎత్తు మారకపోతే కింద రెండు ఎంసెట్ పుస్తకాలు పెట్టు." కుర్రాడు ఆ రాత్రే ఆర్డరు పెట్టేశాడు. వారం తర్వాత చూడబోతే కొత్త మానిటర్ మీద నిక్షేపంగా 60లోనే ఆడుకుంటున్నాడు. హెర్ట్జుబాబు ప్రాణం ఉసూరుమంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 60ని 144 చేశాడు. కుర్రాడు మౌస్ అటూ ఇటూ తిప్పి "అమ్మో" అన్నాడు. సొంత మానిటర్ కొన్నా అంత తృప్తి కలిగేది కాదేమో.

అతను చెప్పి కొనిపించిన మానిటర్లు మా బ్లాకులో నాలుగైదున్నాయి. ఒక్కటీ తప్పు పోలేదు. తను ఎందుకు కొనడో నాకిప్పుడు అర్థమవుతోంది. కొన్నవాడికి మిగిలేది ఒక్క మానిటర్. కొనబోయేవాడికి బజారులో ఉన్నవన్నీ తనవే. కాబట్టి ఏ మానిటర్ కొనాలో తోచకపోతే నిశ్చింతగా వెళ్లి అతన్ని అడగండి. ఎప్పుడు కొనాలో మాత్రం అడక్కండి. దీపావళి దాకా ఆగమంటాడు. ఏ దీపావళో చెప్పడు.