వాయిదాల సైలెన్సర్

మా పెదనాన్న వచ్చాడని కళ్ళతో చూసి తెలుసుకోవాల్సిన అవసరం మా వీధిలో ఎవరికీ ఉండేది కాదు. ఆయన మారుతి ఎనిమిదొందల బండి ఇంకా మలుపు తిరక్కముందే పెద్దమ్మ బియ్యం కడిగేది. పక్కింటి కుక్క మంచం కిందికి దూరేది. శివరాత్రికి కోటప్పకొండ పోయే ప్రభలు ఏడాదికొక్కసారి మోగుతాయి. పెదనాన్న ప్రభ నరసరావుపేటలో రోజుకు రెండు పూటలా మోగేది.

పిసినారి అనుకునేరు, కాదు. కూతురి పెళ్ళికి మూడు రోజులు ఊరందరికీ విస్తళ్ళు వేయించిన మనిషి. మిరపతోటకి మందు కొట్టాలంటే వెనకాడడు. ఒక్క సైలెన్సర్ దగ్గరే చెయ్యి ముడుచుకుపోయేది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు కదా, దానికీ ఒక నిరూపణ ఉంది.

"బండి ముందుకి పోయిద్ది. పొగ వెనక్కి పోయిద్ది. వెనక్కి పోయేదాని మీద పెట్టుబడి ఏందిరా?"

ఇలాంటివాళ్ళు మా పల్నాట్లో వీధికొకరున్నారు. వినుకొండ రోడ్డు షెడ్డులో ఏ ఆదివారం చూసినా ఇద్దరు ముగ్గురు బండి కింద తలలు పెట్టి, "ఇంకో ఆర్నెల్లు లాగిద్దా మేస్త్రీ?" అని అడుగుతూ కనిపిస్తారు. ఆ ఆర్నెల్లు అన్నది వాళ్ళ కాలమానంలో కదలని కొలత. నాలుగేళ్ళయినా ఇంకో ఆర్నెల్లే.

మొదటి చిల్లి పడ్డప్పుడు పెదనాన్న నమ్మలేదు. "ఈ ఎండల్లో తుప్పెట్టా పట్టిద్ది?" అని మేస్త్రితో వాదానికి దిగాడు. మేస్త్రి చెప్పింది విని నేనూ నోరు తెరిచాను. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్ళు పుడతాయట, ఆవిరి రూపంలో. దూరం పోతే సైలెన్సర్ కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. పెదనాన్న పొద్దున రైతుబజారు, సాయంత్రం కాఫీ హోటలు, అంతే. గొట్టం వేడెక్కేలోపే ఇల్లొస్తుంది. ఆవిరి నీరై మఫ్లర్ అడుగున నిలబడి, పొగలోని ఆమ్లంతో కలిసి లోపలినుంచే రేకును తినేస్తుంది. నీళ్ళు లేవని శ్రీనాథుడంతటివాడు ఈసడించుకున్నాడని చెప్పుకునే సీమలో, పెదనాన్న సొంతానికో చెరువు తవ్వించి దాన్ని బండి కింద కట్టుకు తిరుగుతున్నాడన్నమాట.

మేస్త్రి స్క్రూడ్రైవర్ మొనతో మఫ్లర్‌ని తట్టాడు. ముద్దపప్పులోకి వేలు దిగినట్టు దిగింది. "తుప్పు మీద వెల్డింగు నిలబడదు మాస్టారూ, మంటకి చిల్లి ఇంకా పెద్దదయిద్ది. గట్టి రేకు తగిలేదాకా కోసి, అక్కడ అతకాల. అంతకన్నా కొత్తది వేసుకోండి, మూడువేల రెండొందలు."

పెదనాన్న జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి 3,200 అని రాసి, కింద గీత గీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన వైద్యం ఆరోజు సాయంత్రమే మొదలైంది. మొదట ఎంసీల్ పూశాడు. అది నీళ్ళ పైపులకు పనికొచ్చే మందు. సైలెన్సర్ సెగకి కమురు కంపు కొట్టి, పెచ్చుగా ఊడి, రైతుబజారులో ఒకావిడ వంకాయల బుట్టలో పడింది. తర్వాత నూనె డబ్బా రేకు చుట్టి క్లిప్పులు బిగించాడు. వేలాడదీసే రబ్బరు తెగితే పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టాడు. ఇక వెల్డింగులకు లెక్కే లేదు. లెక్క ఉంది లెండి, నోటుపుస్తకంలో.

ఒకసారి మలుపు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. బుల్లెట్లకి సైలెన్సర్ మార్చి ఊరేగే కుర్రాళ్ళ కోసం కాపు కాస్తుంటే ఈ బట్టతల దొరికింది. శబ్ద కాలుష్యానికి పదివేల దాకా జరిమానా పడొచ్చని చెప్పాడు. "నేను మార్చలేదు నాయనా, అదే మారింది," అన్నాడు పెదనాన్న. కానిస్టేబుల్ ఈయన దగ్గర చదువుకున్నవాడే. తలొంచుకుని పక్కకి తప్పుకున్నాడు.

చివరికి తెంచింది పెద్దమ్మే. మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనానికి బయల్దేరారు. పిడుగురాళ్ళ దాటేసరికి ఆమెకు తలనొప్పి, వికారం. ఎండనుకున్నారు. కారెంపూడి దగ్గర సైకిల్ ట్యూబు తెగి, సైలెన్సర్ రోడ్డుకి రాసుకుంటూ నిప్పురవ్వలు చిమ్మింది. వీరుల తిరునాళ్ళ కార్తీకంలో కదా, ఇప్పుడే మొదలైందా అన్నట్టు చూశారు జనం. తలగుడ్డ విప్పి కట్టబోతే తలగుడ్డ కాలింది. ఎవరో రైతు కంచె తీగ ఇచ్చాడు.

ఆ తీగ కట్టి ఈడ్చుకొచ్చిన బండిని చూసి మేస్త్రి మొదటిసారి నవ్వలేదు. ముందువైపు గొట్టం చీలితే కార్బన్ మోనాక్సైడ్ బండిలోకి ఎక్కుతుంది, దానికి వాసనుండదు, అద్దాలు దించినా నమ్మడానికి లేదు అన్నాడు. పెద్దమ్మ మారుమాట్లాడకుండా చేతి గాజు తిప్పుకుంటూ, "తాకట్టు పెట్టనా?" అంది. కొత్తది వేశారు.

పాతది విప్పి నేల మీద పెట్టాక అందరం చుట్టూ చేరాం. కంపెనీ వేసిన రేకు వెతికితే జానెడు దొరికింది. మిగిలినదంతా అతుకులే. నోటుపుస్తకంలో నాలుగేళ్ళ మొత్తం 6,850. పెదనాన్న ఏమాత్రం బెదరలేదు.

"చూశావురా? కొత్త సైలెన్సర్ నేనెప్పుడో చేయించా. కాకపోతే వాయిదాల మీద."

పాత ఇనుప సామాన్ల కొట్టువాడు కాటా మీద పెట్టి, ఎంసీల్ బరువు తీసేస్తానన్నాడు. పెదనాన్నకి రోషమొచ్చి వెనక్కి తెచ్చేశాడు. ఇప్పుడది పెరట్లో కాకరపాదుకు ఊతం.

ఇంటికి మాత్రం ఎప్పుడొస్తున్నాడో ఎవరికీ తెలియడం లేదు. అన్నం వేళకి ఉడకడం లేదు. అందుకని మలుపు రాగానే రెండు హారన్లు కొడుతున్నాడు. మొన్నటినుంచి ఆ హారన్ గొంతు బొంగురుపోయింది. మేస్త్రి కొత్తది వేయమన్నాడట. పెదనాన్న నోటుపుస్తకంలో ఇంకో పేజీ తిప్పి, అంకె వేసి, కింద గీత గీశాడు.