కూర తరగని కత్తులు

మా ఇంట్లో రెండు జాతుల కత్తులున్నాయి. వంటింట్లో ఉండేది సూపర్‌మార్కెట్లో కొన్న ప్లాస్టిక్ పిడి కత్తి. టమాటా మీద ఆనిస్తే టమాటాయే జాలిపడి చితికిపోతుంది. నా గది సొరుగులో ముఖమల్ గుడ్డల్లో పడుకున్నవి రెండో జాతి. వాటిని చేసిన కమ్మరుల ముద్రలు బ్లేడు మీదే ఉంటాయి. వాటితో ఇంతవరకు ఒక్క ఉల్లిపాయ కోయలేదు, కోయను కూడా. "మరెందుకవి?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా, బీరువాలో కలరా ఉండల మధ్య నిద్రపోతున్న పెళ్ళి పట్టుచీర కట్టుకుని అంట్లు తోమి చూపించమంటాను. ఆ పూటకి వాదన అక్కడితో ఆగుతుంది. కాఫీ కూడా.

అట్లాంటాలో ఉండడం నా అదృష్టమో, నా బ్యాంకు ఖాతా దురదృష్టమో తెలీదు. ఏటా బ్లేడ్ షో ఇక్కడే జరుగుతుంది. చేతితో కత్తులు చేసేవాళ్ళు, వాటిని చూసి నిట్టూర్చేవాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో దిగుతారు. నిట్టూర్చడానికీ ఒక పద్ధతుంది. ముందు "పట్టుకోవచ్చా?" అని అడగాలి. నెమ్మదిగా ఎత్తి, ఒక కన్ను మూసి, వెన్ను తిన్నగా ఉందో లేదో చూడాలి. లైటు కేసి తిప్పాలి. బొటనవేలు అంచుకి అడ్డంగా మాత్రమే రాయాలి; నిలువుగా రాస్తే మర్నాడు ఫోను మన వేలిముద్రని గుర్తుపట్టదు. చివర్న ఒక "ఊఁ" అనాలి. ధర తెలుసుకోవాలన్న ఆత్రమంతా ఆ "ఊఁ"లో దాక్కోవాలి. కిందపెట్టగానే కమ్మరి గుడ్డ తీసి మన వేలిముద్రలు తుడిచేస్తాడు. ఏదో నేరం చేసి దొరికినట్టుంటుంది గానీ, కార్బన్ స్టీలుకి చేతి చెమట తగిలితే తుప్పే మరి.

నా బలహీనత డమాస్కస్. రెండు రకాల ఉక్కు పలకల్ని ఒకదానిమీదొకటి పేర్చి, కొలిమిలో పసుపు తిరిగేదాకా కాల్చి, వెలిగారం చల్లి, సుత్తితో కొట్టి ఒక్కటి చేస్తారు. దాన్ని కోసి, మళ్ళీ పేర్చి, మళ్ళీ కొడతారు. పొరలు వందల్లోకి వెళ్ళాక కత్తిగా మలిచి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే నికెల్ ఉన్న పొర మెరుస్తూ మిగులుతుంది, రెండోది నల్లబడుతుంది. నా దగ్గరున్న ఒకదాని మీద ఆ చారలు పిడి దగ్గర సన్నగా మొదలై, మొన వైపు పోయేకొద్దీ వెడల్పై మెలి తిరుగుతాయి. మధ్యలో ఒక్కచోట, బియ్యపు గింజంత మేర, అన్నీ పక్కకి తప్పుకుని మళ్ళీ కలుస్తాయి. ఆ గింజంత చోటు చూస్తూ నేనొక ఆదివారం మధ్యాహ్నం మొత్తం గడపగలను. గడిపాను కూడా.

అమెరికాలో ఈ విద్యకి మళ్ళీ ప్రాణం పోసినవాడు మేరీలాండ్ కమ్మరి బిల్ మోరన్. 1973లో తన డమాస్కస్ కత్తుల్ని ప్రదర్శనకి పెట్టాడు. మాది నిజామాబాద్ జిల్లా కాబట్టి నేను అక్కడితో ఆగను. కోనసముద్రం మా జిల్లాలోనే ఉంది. పాతకాలపు డమాస్కస్ కత్తులకి కావలసిన, మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి అక్కడికి వచ్చేవాళ్ళు. ఈ ముక్క చెప్పకుండా ఏ కమ్మరి బల్ల దగ్గర్నుంచీ కదలను. మడతలు పెట్టి కొట్టిన ఈ ఉక్కు వేరు, మీ మూస ఉక్కు వేరు అని తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెప్తారు. ఆ సంగతి నాకూ తెలుసు. గొప్పలు చెప్పుకునేటప్పుడు లోహశాస్త్రం అడ్డు రాకూడదు.

ఆ మోరనే 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీకి అంకురార్పణ చేశాడు. వాళ్ళు పెట్టే పరీక్ష వింటే మనం రాసిన ఎంసెట్ మీద గౌరవం తగ్గుతుంది. వేలాడదీసిన అంగుళం మందం తాడు ఒక్క వేటుకి తెగాలి. ఇళ్ళు కట్టే టూ-బై-ఫోర్ కర్రని రెండుసార్లు నరకాలి. అంత నరికాక అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరగాలి. ఆఖర్న వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచితే విరక్కూడదు. కమ్మరి పాసవుతాడు, కత్తి నడుం పోతుంది. ఇందులో వెంట్రుకల పరీక్ష మాత్రం అభిమానులకీ అంటుకుంది. షోలో ఎడమ ముంజేయి నున్నగా ఉన్నవాడు ఎదురైతే వేరే పరిచయం అక్కర్లేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే తప్ప మా ఆవిడ నన్ను పేరంటాలకి తీసుకెళ్ళదు.

పేరున్న కమ్మరికి ఆర్డరిస్తే ఏళ్ళు పడుతుంది. 1950ల్లో సరుకు ఓడలో పనిచేసే బాబ్ లవ్‌లెస్ న్యూయార్క్ దుకాణంలో రాండల్ అనే పేరున్న కమ్మరి కత్తి కావాలంటే, తొమ్మిది నెలలు ఆగమన్నారట. ఒళ్ళు మండి, పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగు సంపాదించి, ఓడ వంటగది పొయ్యి మీద తనే చేసుకున్నాడు. తర్వాత ఆ లవ్‌లెస్ కత్తుల కోసమే జనం అంతకు ఎన్నో రెట్లు ఆగాల్సొచ్చింది.

వేసవికి వచ్చిన అమ్మని షోకి తీసుకెళ్ళాను. గడ్డం ఛాతీ దాకా పెంచిన ఒక కమ్మరి ముందు ఆగి, పట్టుకోవచ్చా లేదా అన్న ప్రశ్నే లేకుండా కత్తి ఎత్తేసింది. అంచు మీద గోరు ఆనించి "పదునుంది" అంది. నేను ఇంకో కత్తి అందించబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కత్తి చేతికియ్యొద్దు కొడుకా, లొల్లయితది. బల్ల మీద పెట్టు."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. కమ్మరి తలూపాడు. వాళ్ళలోనూ కత్తి బహుమానంగా ఇస్తే ఒక నాణెం పుచ్చుకోవాలట, లేకపోతే స్నేహం తెగుతుందట. ఆ క్షణం నుంచి వాళ్ళిద్దరూ ఒకటి, నేను దుబాసీని.

"దీనితోని ఏం కోస్తరు?"

అతను ముంజేయి మీద వెంట్రుకలు గొరిగి చూపించాడు.

"గది మంగలోళ్ళ పని. మామిడికాయ టెంకతో సహా తెగుతదా, అడుగు."

తొక్కు ముక్కకి టెంక అంటుకుని ఉండకపోతే ఏమవుతుందో నేను చెమటలు కక్కుతూ వివరించాను. అతను గంభీరంగా విని, తాడు కన్నా అదే కష్టమన్నాడు. అమ్మకి హుషారొచ్చింది. కుర్చీలో కూర్చునే ఈలపీట అభినయించింది: పీటని కాలితో తొక్కిపట్టాలి, కత్తి కదలదు, కాయే కత్తి దగ్గరికి రావాలి. ముప్పయ్యేళ్ళుగా కత్తిని కదుపుతూనే ఉన్న ఆ మనిషి నోరు తెరుచుకుని చూశాడు. ఆర్డర్ల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో గీశాడు. వంపు చాలదని అమ్మ చెరిపించింది. మళ్ళీ గీశాడు. డమాస్కస్ బ్లేడు, వాల్‌నట్ చెక్క పీట, రెండేళ్ళు పడుతుందన్నాడు.

"రెండేండ్లా? నా వీసా ఆర్నెల్లే."

అట్ట మీద ధర రాసి మా వైపు తిప్పాడు. దాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మకి ఆ అవసరమూ రాలేదు.

"సగానికియ్యమను," అంది. "పీట మనమే తెచ్చుకుంటం."